నామం పెట్టాడు, టోపీ పెట్టాడు, హ్యాండిచ్చాడు: ఇంగ్లీషులో ఏమనాలి?

మోసానికి సంబంధించిన ఇంగ్లీషు మాటల గురించి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వరసగా ఉత్తరాలు వచ్చాయి. అందరి ఇబ్బందీ ఒకటే. తెలుగులో ఇరవై రకాలుగా చెప్పే సంగతికి ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి ‘చీట్’ ఒక్కటే చేతిలో మిగులుతోంది. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: స్నేహితుడొకడు మాయమాటలు చెప్పి నా దగ్గర యాభై వేలు కాజేశాడు. పోలీస్ స్టేషనుకు వెళ్లాలని సెలవు అడుగుతూ బెంగళూరులో ఉండే మా మేనేజరుకు ‘మై ఫ్రెండ్ చీటెడ్ ఆన్ మీ ఫర్ ఫిఫ్టీ థౌజండ్ రూపీస్’ అని మెయిల్ పెట్టాను. ఆఫీసులో అందరూ నవ్వుకున్నారని తెలిసింది. తప్పెక్కడుంది?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: తప్పంతా ‘ఆన్’లో ఉంది. ‘చీట్ ఆన్’ అంటే కట్టుకున్నవాళ్లకో, ప్రేమించినవాళ్లకో తెలియకుండా ఇంకొకరితో సంబంధం పెట్టుకోవడం. మీ వాక్యం చదివినవాళ్లకు మీ ఇద్దరి మధ్య ఏదో ప్రేమ వ్యవహారం ఉందనీ, అది యాభై వేల దగ్గర చెడిందనీ తోస్తుంది. నవ్వినవాళ్లను తప్పు పట్టలేం.

డబ్బు పోయినప్పుడు వాడాల్సింది ‘అవుట్ ఆఫ్’. ‘మై ఫ్రెండ్ చీటెడ్ మీ అవుట్ ఆఫ్ ఫిఫ్టీ థౌజండ్ రూపీస్.’ వరస చూడండి: ముందు మోసం చేసినవాడు, తర్వాత క్రియ, తర్వాత మోసపోయినవాడు, ఆ తర్వాత ‘అవుట్ ఆఫ్’, చివర్లో పోయిన వస్తువు. పొలం పోతే ‘అవుట్ ఆఫ్ హిజ్ ల్యాండ్’, వాటా పోతే ‘అవుట్ ఆఫ్ హర్ షేర్’. ‘ఫర్’కు ఇక్కడ పని లేదు.

డబ్బు పోవడం కాక, మోసగాడు మన చేత ఏదో ఒక పని చేయిస్తే ‘ఇంటూ’ వస్తుంది. ‘నమ్మించి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు’ అనడానికి ‘హి ట్రిక్డ్ మీ ఇంటూ సైనింగ్ ది పేపర్’. ‘ఇంటూ’ తర్వాత క్రియకు ‘ఇంగ్’ తప్పనిసరి. ‘ఇంటూ సైన్’ అనకూడదు, ‘టు సైనింగ్’ కూడా కుదరదు.

తెలుగువాళ్లకు ఇది నిజానికి సులువుగా పట్టుబడాలి, ఎందుకంటే ఈ రెండు పనులకూ మన క్రియల్లోనే వేరు వేరు రూపాలున్నాయి. పెట్టించాడు, కొనిపించాడు, ఇప్పించుకున్నాడు అని ప్రేరణార్థకం వచ్చిందంటే ఇంగ్లీషులో ‘ఇంటూ’. కాజేశాడు, లాగేశాడు, కొట్టేశాడు అని వస్తే ‘అవుట్ ఆఫ్’. మనసులో తెలుగు వాక్యం ఒకసారి అనుకుని, క్రియ ఎలా ముగిసిందో చూసుకుంటే చాలు. ‘పనికిరాని స్థలం అంటగట్టాడు’ అన్నా లోపల ఉన్నది కొనిపించడమే, కాబట్టి ‘హి కాన్డ్ మీ ఇంటూ బయింగ్ ఎ వర్త్‌లెస్ ప్లాట్’.

ఈ అచ్చులో మోసం కానివి కూడా పడతాయి. ‘టాక్డ్ మీ ఇంటూ’ అంటే మాటలతో ఒప్పించాడు, ‘ప్రెషర్డ్ మీ ఇంటూ’ అంటే ఒత్తిడి పెట్టి చేయించాడు, ‘కోక్స్‌డ్ మీ ఇంటూ’ అంటే బుజ్జగించి చేయించాడు. అచ్చు ఒకటే, క్రియ మారితే నేరం బరువు మారుతుంది.

ఏ క్రియ దేనితో పోతుందో కూడా చెప్పుకోవాలి. ట్రిక్, కాన్ రెండింటితోనూ కుదురుతాయి. చీట్, స్విండిల్ ఎక్కువగా ‘అవుట్ ఆఫ్’తో వస్తాయి. ఫూల్, డిసీవ్ ‘ఇంటూ’తో నడుస్తాయి. డిఫ్రాడ్ మాత్రం ఒంటి ‘ఆఫ్’ తీసుకుంటుంది: ‘డిఫ్రాడెడ్ ది బ్యాంక్ ఆఫ్ టూ క్రోర్స్’. ఇది కోర్టు కాగితాల్లో, పత్రికల్లో కనిపించే మాట. స్నేహితుడి సంగతి చెప్పడానికి మరీ బరువైపోతుంది.

ప్రశ్న: వస్తానని చెప్పి రాకపోతే ‘హ్యాండిచ్చాడు’ అంటాం కదా. ఇంగ్లీషులో ‘హి గేవ్ మీ ఎ హ్యాండ్’ అనవచ్చా? అలాగే ‘బోర్డు తిప్పేశాడు’, ‘ఐపీ పెట్టాడు’ అనే మాటలకు ఏం వాడాలి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: అనవచ్చు గానీ అర్థం తలకిందులవుతుంది. ‘గేవ్ మీ ఎ హ్యాండ్’ అంటే చేయి సాయం చేశాడని. మీకు ఎగనామం పెట్టినవాడికి మీరే మెచ్చుకోలు పత్రం ఇచ్చినట్టవుతుంది.

మాట ఇచ్చి తప్పితే ‘హి లెట్ మీ డౌన్’. ఫలానా చోట కలుద్దామని చెప్పి రాకపోతే ‘హి స్టుడ్ మీ అప్’. ఈ రెండోదాన్ని కలుసుకునే ఏర్పాటు ఉన్నప్పుడే వాడాలి, పెళ్లిచూపులకు రాని పెళ్లికొడుకు దీనికి సరిగ్గా సరిపోతాడు. మన దగ్గర ఇలాంటివాటికి కూడా ‘చీట్’ వాడేస్తున్నారు. ‘యూ చీటెడ్ మీ, యూ డిడ్ నాట్ కమ్ టు ది ఫంక్షన్’ అని రాస్తే, అవతలివాళ్లు ఫంక్షన్‌కు రాలేదన్న దానికంటే డబ్బు గోల ఏదో ఉందనుకుంటారు.

అప్పు తీసుకుని ఎగ్గొట్టడానికి ‘హి నెవర్ పెయిడ్ మీ బ్యాక్’ అంటే సరిపోతుంది. ఎగ్గొట్టిన ప్రతివాడూ మొదటినుంచీ మోసగాడని ఇంగ్లీషు అనుకోదు. చట్టం కూడా అనుకోదు, ఆ సంగతి కింద పుత్తూరు ఉత్తరంలో వస్తుంది.

‘బోర్డు తిప్పేశాడు’ మంచి తెలుగు. అలాగే మక్కీకి మక్కీ మారిస్తే ఎవరికీ అర్థం కాదు. ‘హి షట్ అప్ షాప్ ఓవర్‌నైట్ అండ్ వానిష్డ్’ అనండి. డబ్బుతో సహా పారిపోతే ‘మేడ్ ఆఫ్ విత్ అవర్ మనీ’, చీటీపాట నడిపే మనిషి ఉడాయిస్తే ‘ది చిట్ ఆర్గనైజర్ అబ్‌స్కాండెడ్ విత్ ది మనీ’. అన్నట్టు చీటీకీ చీట్‌కీ ఏ చుట్టరికమూ లేదు. చీటీ అంటే చిన్న కాగితం ముక్క, మన దగ్గర నుంచే ఇంగ్లీషులోకి ‘చిట్’గా పోయింది.

‘ఐపీ పెట్టాడు’లో ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద, అప్పులు తీర్చలేనని కోర్టులో వేసుకునే దరఖాస్తు అది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల ముందు ‘ఐపీ’ అంటే కంప్యూటర్ సంగతి అనుకుంటారు. ‘హి ఫైల్డ్ ఫర్ ఇన్‌సాల్వెన్సీ’ అనాలి. ఇది చట్టం ఇచ్చిన దారి, దానంతటది మోసం కాదు. మన ఊళ్లలో దానికి మోసం వాసన ఎందుకు అంటిందో అప్పులిచ్చినవాళ్లనడిగితే చెబుతారు.

ప్రశ్న: తిరుపతిలో లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. దర్శనం టికెట్ల పేరుతో మోసపోయి వచ్చే యాత్రికులు కనిపిస్తుంటారు. ఉత్తరాది వాళ్లకూ విదేశీయులకూ అర్థమయ్యేలా ఇంగ్లీషులో బోర్డు పెట్టాలనుకుంటున్నాం. ‘డూప్లికేట్ టికెట్స్, బివేర్ విత్ బ్రోకర్స్’ అని రాశాం. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండు మాటలు మార్చాలి. ముందు ‘డూప్లికేట్’ సంగతి. మనకు డూప్లికేట్ అంటే నకిలీ. ఇంగ్లీషులో ఆ మాటలో మోసమేమీ లేదు, అసలుదానిలాంటి రెండో ప్రతి అంతే. పోయిన మార్కుల జాబితాకు బోర్డువాళ్లే డూప్లికేట్ ఇస్తారు, బీరువా తాళానికి డూప్లికేట్ చేయించుకుంటాం. మీ బోర్డు చదివిన విదేశీయుడు, టికెట్ పోగొట్టుకుంటే ఇక్కడ రెండో ప్రతి దొరుకుతుంది కాబోలు అనుకునే ప్రమాదముంది.

నకిలీకి ఇంగ్లీషులో నాలుగు మాటలు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో చోటు. ‘ఫేక్’ అన్నిటికీ పనికొస్తుంది. టికెట్, వెబ్‌సైట్, నగ, ఏడుపు, ఏదైనా ఫేక్ కావచ్చు. ‘ఫోర్జ్‌డ్’ కాగితాలకూ సంతకాలకూ: సిఫార్సు లేఖ మీద దొంగ సంతకం ఉంటే అది ఫోర్జ్‌డ్. ‘కౌంటర్‌ఫీట్’ పెద్ద ఎత్తున అచ్చు గుద్దినట్టు తయారుచేసే వాటికి: దొంగనోట్లు, నకిలీ మందులు, బ్రాండ్ పేరున్న చెప్పులు. ‘బోగస్’ అంటే అసలు ఉనికే లేనిది, చెప్పుకునేంత హక్కు లేనిది: బోగస్ ఏజెన్సీ, బోగస్ ఓటు. అసలు టికెట్‌నే వేరే పేరుతో, వేరే తేదీతో మార్చి ఇస్తే దాన్ని ‘టాంపర్డ్’ లేదా ‘ఆల్టర్డ్’ అంటారు. యాత్రికుడి చేతిలో ఉన్నది ఫేకా, ఆల్టర్డా అన్నది ఫిర్యాదులో తేడా తెస్తుంది. మొదటిదైతే టికెట్టే పుట్టలేదు, రెండోదైతే ఎవరి పేరునో పుట్టింది, ఆ పేరు పట్టుకుని వెళ్తే ఆచూకీ దొరకవచ్చు.

తర్వాత ‘బ్రోకర్’. ఇంగ్లీషులో బ్రోకర్ గౌరవమైన వృత్తి. షేర్లకు, బీమాకు, ఇళ్లకు బ్రోకర్లుంటారు. మీరు చెప్పదలచుకున్న దళారిని ‘టౌట్’ అంటారు. బ్రిటన్‌లో క్రికెట్ టికెట్లను బ్లాకులో అమ్మేవాడు టికెట్ టౌట్, అమెరికాలో అతన్నే ‘స్కాల్పర్’ అంటారు. ఇక ‘బివేర్’ తర్వాత ‘ఆఫ్’ రావాలి, ‘విత్’ కాదు.

బోర్డు ఇలా ఉంటే చాలు: ‘బివేర్ ఆఫ్ టౌట్స్ అండ్ ఫేక్ వెబ్‌సైట్స్. బుక్ దర్శన్ టికెట్స్ ఓన్లీ త్రూ ది అఫీషియల్ టీటీడీ వెబ్‌సైట్ ఆర్ కౌంటర్స్. డు నాట్ పే ఎనీవన్ ఇన్ క్యాష్ ఫర్ ఎ టికెట్ ఆన్ యువర్ ఫోన్.’ మూడో వాక్యం తీసేయకండి. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్‌ను వాట్సాప్‌లో ఫోటోగా పంపి, నగదు చేతికి తీసుకుని వెళ్లిపోవడం సులువు. ‘మోసపోకండి’ అని పెద్ద అక్షరాల్లో రాస్తే ఎవరూ ఆగి చదవరు. చేయకూడని పని ఏదో చెబితే ఆగుతారు.

ప్రశ్న: మా నాన్న తోతాపురి మామిడి రైతు. తూకంలో తక్కువ చూపడం, చిల్లర తక్కువ ఇవ్వడం, ఎక్కువ ధర లాగడం, పాలలో నీళ్లు కలపడం, అన్నిటికీ చీటింగేనా?
– ఒక పాఠకురాలు, బంగారుపాళెం

జవాబు: దేనికదే ఉంది. తక్కువ తూచడం ‘గివ్ షార్ట్ వెయిట్’. టన్నుకు ఇరవై కిలోలు తగ్గించి చూపాడనడానికి ‘హి షార్టెడ్ అజ్ బై ట్వెంటీ కిలోస్ ఎ టన్’. చిల్లర తక్కువ ఇవ్వడం ‘షార్ట్‌చేంజ్’, ఇదే మాట న్యాయంగా రావలసింది రాని సందర్భాలన్నిటికీ పాకింది. గిట్టుబాటు ధర దక్కని రైతును కూడా ‘షార్ట్‌చేంజ్డ్’ అనవచ్చు.

ఎక్కువ తీసుకుంటే ‘ఓవర్‌చార్జ్’. అది మరీ దోపిడీగా ఉంటే ‘రిప్ ఆఫ్’: ‘ది ఆటో డ్రైవర్ రిప్డ్ అజ్ ఆఫ్’. నామవాచకంగా ‘ఇట్స్ ఎ రిప్-ఆఫ్’. ఇది మాటల్లో బాగుంటుంది, దరఖాస్తులో రాయకండి. ధర ముందే చెప్పి, మీరు ఒప్పుకున్నాక తీసుకుంటే అది ఎక్కువ ధరే గానీ చీటింగ్ కాదు.

పాలలో నీళ్లకు ‘వాటర్ డౌన్’, ఏ కల్తీకైనా ‘అడల్టరేట్’: ‘ది మిల్క్ వాజ్ అడల్టరేటెడ్ విత్ వాటర్’. ‘విత్’ మరచిపోకండి. తూకం కాటా మీద అనుమానమొస్తే ఇంగ్లీషు కంటే ముందు కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర, దాని సంవత్సరం చూడమని నాన్నగారికి చెప్పండి.

ప్రశ్న: పోలీసునని చెప్పి వీడియో కాల్‌లో బెదిరించి మా అక్క దగ్గర 85,000 రూపాయలు వేయించుకున్నారు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. బ్యాంకుకు ఇంగ్లీషులో రాసివ్వమన్నారు. అక్క ‘ఐ చీటెడ్ బై ఫ్రాడ్ పర్సన్. హి వాజ్ చీటెడ్ మీ. ప్లీజ్ డు నీడ్‌ఫుల్’ అని రాసింది. బాగుందా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: వెంటనే చేయాల్సిన పని, అంటే 1930కి ఫోన్ చేయడం, మీరు చేశారు. అదే అన్నిటికంటే ముఖ్యం. ఇక ఉత్తరం. అది మాత్రం ఇవ్వకండి.

‘ఐ చీటెడ్’ అంటే ‘నేను మోసం చేశాను’ అని. మీ అక్క నేరం ఒప్పుకున్నట్టవుతుంది. తర్వాతి వాక్యంలో ‘హి వాజ్ చీటెడ్’ అంటే మోసపోయింది అతను. రెండు వాక్యాలూ కలిపి చదివితే దొంగా దొరా తారుమారు అయ్యారు. దీనికి కారణం తెలుగులోనే ఉంది. ‘మోసపోయాను’ అనేది మనకు ఒకే మాట, కర్మణి ప్రయోగమని ఆలోచించక్కర్లేదు. ఇంగ్లీషులో ‘పోయాను’ అనే పనికి ‘వాజ్’ కావాలి: ‘ఐ వాజ్ చీటెడ్’. చేసినవాడి పక్కన ‘వాజ్’ ఉండకూడదు: ‘హి చీటెడ్ మీ’. మోసపోయినవాళ్లకు ‘వాజ్’ అని గుర్తు పెట్టుకోండి.

‘ఫ్రాడ్ పర్సన్’ అని ఉండదు. మనిషిని ‘ఫ్రాడ్‌స్టర్’ అనాలి. ‘హి ఈజ్ ఎ ఫ్రాడ్’ అని కూడా అనవచ్చు గానీ దానికి ‘తాను కానిది అయినట్టు చెప్పుకునేవాడు’ అని అర్థం, దొంగ డాక్టరు లాంటివాడు. ‘ఫ్రాడ్’ను క్రియగా వాడి ‘హి ఫ్రాడెడ్ మీ’ అనడం అసలు లేదు.

అయితే అంతకంటే పెద్ద సలహా ఏమిటంటే, ఉత్తరంలో ‘చీట్’ అనే మాట చివరిదాకా రాకపోయినా ఫర్వాలేదు. అది మీ తీర్పు. బ్యాంకుకు కావలసింది జరిగినది జరిగినట్టు. ఇలా రాయండి:

‘ఐ రిసీవ్డ్ ఎ వీడియో కాల్ ఫ్రమ్ ఎ మ్యాన్ హూ క్లెయిమ్డ్ టు బి ఎ పోలీస్ ఆఫీసర్. హి సెడ్ దట్ ఎ పార్సెల్ బుక్డ్ ఇన్ మై నేమ్ కంటెయిన్డ్ డ్రగ్స్. హి థ్రెటెన్డ్ టు అరెస్ట్ మీ అండ్ ఇండ్యూస్డ్ మీ టు ట్రాన్స్‌ఫర్ రూపీస్ 85,000. ఐ లేటర్ ఫౌండ్ దట్ హి వాజ్ నాట్ ఎ పోలీస్ ఆఫీసర్.’

పార్సెల్ మాట ఉదాహరణకు పెట్టాం, మీ అక్కతో అతను ఏం చెప్పాడో అదే అక్కడ రావాలి. మొదటి వాక్యానికి ముందు తేదీ, సమయం, వచ్చిన నంబరు. మూడో వాక్యం తర్వాత ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు లేదా యూపీఐ ఐడీకి వెళ్లింది, ఆ లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరు ఎంత. యూపీఐలో అది పన్నెండు అంకెలు. ఒక్క అంకె తప్పినా ఆ లావాదేవీ దొరకదు కాబట్టి చేత్తో ఎక్కించకండి, యాప్‌లోంచి కాపీ చేసుకోండి. రెండు మూడు విడతలుగా వేసి ఉంటే ప్రతి విడతకూ విడిగా రాయాలి, మొత్తం ఒక్కటే వేస్తే కుదరదు. 1930లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు చివర్లో.

ఈ నాలుగు వాక్యాల్లో రెండు మాటల మీద బరువుంది. ‘క్లెయిమ్డ్ టు బి’ అంటే ‘అని చెప్పుకున్నాడు’. ‘పోలీస్ ఆఫీసర్ కాల్డ్ మీ’ అని రాస్తే నిజంగా పోలీసే చేశాడని అవుతుంది. అతను చేసిన పనికి ఒకే మాట కావాలంటే ‘ఇంపర్సనేటెడ్ ఎ పోలీస్ ఆఫీసర్’. ఇక ‘ఇండ్యూస్డ్ మీ టు’. చట్టంలో చీటింగ్ నిర్వచనంలోనే ఉన్న మాట ఇది: వంచించి, ఆస్తిని అప్పగించేలా చేయడం. దీనికి మాత్రం ‘ఇంటూ’ రాదు, ‘టు’ వస్తుంది.

చట్టం గురించి అడిగినవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్లకూ ఇక్కడే. 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 420 ఇప్పుడు 318వ సెక్షన్, నాలుగో ఉపవిభాగం. శిక్ష ఏడేళ్ల దాకా. కంప్యూటర్, ఫోన్ ద్వారా మారువేషంలో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కూడా ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఎక్కడైనా మోసం అనిపించుకోవాలంటే మొదటినుంచే ఆ ఉద్దేశం ఉండాలి. తీర్చుదామనే తీసుకుని, తర్వాత తీర్చలేకపోయిన అప్పు చీటింగ్ కిందికి రాదు. నమ్మి అప్పగించిన సొత్తును తర్వాత కాజేస్తే అది ‘క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్’, నమ్మకద్రోహం, వేరే సెక్షన్. వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మాత్రం ఏ సెక్షన్‌లోనూ లేదు, మోసగాళ్లు అల్లిన మాట.

పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదు తెలుగులో ఇవ్వండి, నిక్షేపంగా తీసుకుంటారు. రాని ఇంగ్లీషులో రాసి నిందితుడైపోవడం కంటే అది మేలు.

ప్రశ్న: ‘ఫోర్ ట్వంటీ’ అని విదేశీయులతో అంటే అర్థమవుతుందా? ‘శఠగోపం పెట్టడం’ లాంటి జాతీయాలకు ఇంగ్లీషులో సాటివి ఉన్నాయా? చీట్, కాన్ వంటి మాటలు ఎలా పుట్టాయి?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఫోర్ ట్వంటీ అమెరికావాళ్లకు అర్థమవుతుంది, కాకపోతే గంజాయిగా. అక్కడ ఆ అంకెకు అదే సంకేతం. ‘హి ఈజ్ ఎ ఫోర్ ట్వంటీ’ అని మీ ఇంటి యజమాని గురించి చెబితే ఏమనుకుంటారో ఊహించుకోండి. ‘క్రుక్’ అనండి. మన దగ్గర కూడా సెక్షన్ మారిపోయింది గానీ తిట్టు మారేలా లేదు. ‘త్రీ వన్ ఎయిట్‌గాడు’ అంటే నోరు తిరగదు.

శఠగోపం గుడిలో పవిత్రం, బజారులో తిట్టు. తల వంచగానే నెత్తిన పెట్టడమనే పోలిక వల్ల జాతీయం అయింది. సంస్కృతంలో శఠుడంటే వంచకుడు కావడం కూడా దానికి కలిసొచ్చి ఉంటుంది. నామానికీ అంతే. కొండ కింద ఊళ్లో నుదుట పెట్టుకుంటే భక్తి, ఎదుటివాడికి పెడితే మోసం. వీటిని యథాతథంగా ఇంగ్లీషులోకి తేలేం. ‘టుక్ మీ ఫర్ ఎ రైడ్’ భావంలో చాలా దగ్గరగా వస్తుంది.

కొన్ని మాత్రం అచ్చు మనవే. ‘హుడ్‌వింక్’ చూడండి. పదహారో శతాబ్దపు మాట. ‘వింక్’ అంటే అప్పట్లో కళ్లు మూయడం. ముసుగు వేసి కళ్లు మూసేయడమే హుడ్‌వింక్. మన ‘కళ్లకు గంతలు కట్టడం’ తప్ప ఇంకేమిటది! ‘డ్యూప్’ ఇంకా తమాషా. ఫ్రెంచి నుంచి వచ్చింది, తెలివితక్కువదని పేరు పడిన హూపో పిట్ట పేరే దాని మూలమని నిఘంటువులు చెబుతాయి. నెత్తిన విసనకర్రలా కుచ్చు విప్పే పిట్ట అది. మనవాళ్లు మోసాన్ని ‘కుచ్చుటోపీ పెట్టడం’ అంటారు. రెండింటికీ సంబంధం లేదు, కానీ కుచ్చు రెండుచోట్లా ఉంది. డ్యూప్ అన్నాం కాబట్టి ఒక హెచ్చరిక: సినిమాలో హీరో బదులు దూకేవాడు ఇంగ్లీషులో డూప్ కాదు, ‘స్టంట్ డబుల్’. ఈమధ్య ఇంటర్‌నెట్‌లో ఖరీదైన వస్తువును పోలిన చవక సరుకును ‘డూప్’ అంటున్నారు, అది డూప్లికేట్‌ను కత్తిరించిన మాట.

‘చీట్’ అసలు ‘ఎస్చీట్’. వారసుల్లేకుండా పోయినవాళ్ల భూమి రాజుకు చెందడం అని దానర్థం. ఆ భూములు చూసే ఉద్యోగులు అడ్డదారిలో లాక్కునేవారని పేరుపడి, ఎస్చీట్ తల తెగి చీట్ అయింది. రెవెన్యూ వ్యవహారాలు తెలిసిన మీ జిల్లావాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు.

‘కాన్’ అంటే కాన్ఫిడెన్స్. 1849లో న్యూయార్క్‌లో ఒకడు శుభ్రంగా బట్టలు వేసుకుని, పరిచయం ఉన్నవాడిలా పలకరించి, ‘రేపటిదాకా మీ గడియారం నా దగ్గర వదలగలరా, అంత నమ్మకం ఉందా నా మీద?’ అని అడిగేవాడు. ఇచ్చేవాళ్లు. పట్టుబడ్డాక పత్రికలు అతన్ని ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అన్నాయి. కాన్ మ్యాన్‌కూ మామూలు దొంగకూ ఇప్పటికీ తేడా అదే. వాడు లాక్కోడు, మనమే ఇస్తాం. ‘నమ్మించి గొంతు కోయడం’ అనే తెలుగు మాటలో మొదటి సగం వాడిది.

‘స్విండిల్’ జర్మన్ నుంచి వచ్చింది, తల తిరగడం అనే మాటకు చుట్టం. బురిడీ కొట్టించడం అంటే దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: మాది కుప్పం. ఇంట్లో ‘ఏమార్చాడు’ అంటాం. దానికి సరైన మాట? ‘డిసీవ్’ స్పెల్లింగ్ ఎప్పుడూ తప్పుతోంది.
– ఇంటర్ విద్యార్థిని, కుప్పం

జవాబు: మీ ఊళ్లో ఆ మాట మూడు భాషల్లోనూ చెల్లుతుంది. తమిళంలో ‘ఏమాత్తు’, కన్నడంలో ‘యామారిసు’. ఏమరుపాటుగా ఉన్నప్పుడు కొట్టడం అందులో ఉంది కాబట్టి ఒక్క మాటతో కాక ‘హి కాట్ మీ ఆఫ్ గార్డ్ అండ్ ట్రిక్డ్ మీ’ అంటే పూర్తి భావం వస్తుంది. ‘ఏమారాను’ అంటే ‘ఐ వాజ్ టేకెన్ ఇన్’.

అలాగే ‘ఐ ఫెల్ ఫర్ ఇట్’ అని కూడా అంటారు, బుట్టలో పడ్డానని. ‘ఇట్’ దగ్గర జాగ్రత్త. ‘ఐ ఫెల్ ఫర్ హిజ్ ట్రిక్’ అంటే ఆ మాయలో పడ్డాను. ‘ఐ ఫెల్ ఫర్ హిమ్’ అంటే ప్రేమలో పడ్డాను.

స్పెల్లింగ్‌కు: సి తర్వాత ఇ, దాని తర్వాత ఐ. డిసీవ్, రిసీవ్, డిసీట్, రిసీట్ నాలుగింటికీ ఇదే వరస. రిసీట్‌లో పలకని పి ఒకటి ఉంటుంది, డిసీట్‌లో ఉండదు. ‘మిస్‌లీడ్’కు భూతకాలం ‘మిస్‌లెడ్’, చివర ఎల్-ఇ-డి. పుస్తకంలో చూసి ‘మిజిల్డ్’ అని చదివేస్తుంటారు, ఇంగ్లీషువాళ్లు కూడా. మరొకటి, డిసీవ్‌లో సాధారణంగా ఉద్దేశం ఉంటుంది, మిస్‌లీడ్‌లో ఉండొచ్చు, లేకపోవచ్చు. పాత బస్ టైంటేబుల్ కూడా మిమ్మల్ని మిస్‌లీడ్ చేయగలదు.

పరీక్షలో కాపీ కొట్టడం ‘చీట్ ఇన్ ది ఎగ్జామ్’, అమెరికాలో ‘ఆన్ ది ఎగ్జామ్’. ఇక్కడ మాత్రం ఆ ‘ఆన్’కు ప్రేమతో సంబంధం లేదు. స్లిప్పును బ్రిటన్‌లో ‘క్రిబ్’, అమెరికాలో ‘చీట్ షీట్’ అంటారు.

ప్రశ్న: ‘లెగ్ పుల్లింగ్’ అంటే పైకి వచ్చేవాళ్లను కిందికి లాగడమేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మన ఆఫీసుల్లో అంతే. ఇంగ్లీషులో ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ అంటే ఉత్తినే ఆటపట్టించడం, లేనిది ఉన్నట్టు చెప్పి కాసేపు నవ్వుకోవడం. ‘ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?’ అంటే ‘చెవిలో పువ్వు పెడుతున్నావా?’ అని. మీరు చెప్పే రకానికి ‘అండర్‌మైన్’ వాడండి: ‘హి కీప్స్ అండర్‌మైనింగ్ హిజ్ కొలీగ్స్’. పై అధికారికి రాసే ఉత్తరంలో ‘స్టాఫ్ ఆర్ పుల్లింగ్ మై లెగ్’ అని ఉంటే, ఆయన నవ్వేసి పక్కన పెడతాడు.